గాలి ఆగినప్పుడు పడే చెయ్యి

ఆ రాతిగది దగ్గర చీకటి పడ్డాక ఎవరూ నిలబడరు.

చీకటి దాకా ఎందుకు, గాలివాన మొదలైతే పట్టపగలైనా నిలబడరు. కొండదారి ఎక్కడ అయిపోతుందో అక్కడ ఒక టీకొట్టు ఉంది. దాని నుంచి పైకి ఓ పూట నడిస్తే ఈ గది. ఒకప్పుడు రోడ్డు పనివాళ్ళు తలదాచుకోడానికి కట్టారట. రోడ్డు అక్కడిదాకా రానే లేదు, గది మాత్రం మిగిలిపోయింది. నాలుగు రాతిగోడలు, పైన రేకు, ముందుకు పొడుచుకొచ్చిన చూరు, చూరు కింద ఒకే ఒక్క చదును బండ. బండ దాటితే లోయ. లోయకి అవతల, ముఖం మీదకొచ్చినట్టు, పెద్ద శిఖరం.

ఫోటోలు తీసేవాళ్ళకి అంతకన్నా మంచి చోటు దొరకదు. అయినా వెళ్ళరు.

ఎందుకంటే, అక్కడ వెనక నుంచి చెయ్యి పడుతుంది.

కెమెరా పెట్టుకుని నిలబడతారు... గాలి హోరుమంటుంటుంది... ఉన్నట్టుండి ఆగిపోతుంది. అంతా నిశ్శబ్దం. అప్పుడు, కుడి భుజం మీద — మెల్లిగా — ఒక చెయ్యి.

టీకొట్టాయన దీనికో కథ చెప్తాడు. ఒకావిడ మొగుడు తుఫాన్లో పైకెళ్ళి రాలేదట. ఆవిడ ఆ గదిలోనే ఎదురుచూసి ఎదురుచూసి పోయిందట. ఇప్పుడు ఎవరొచ్చి నిలబడినా, మా ఆయనేమో అని భుజం పట్టుకుని చూస్తుందట. "వెనక్కి తిరిగి ఆవిడ ముఖం చూసినవాళ్ళెవరూ కిందికి దిగి రాలేదు" అని గొంతు తగ్గించి చెప్పి, టీ వడకడతాడు. మరి నీకెవరు చెప్పారయ్యా అంటే, పంచదార ఎక్కువ వెయ్యనా అంటాడు.

నేను దెయ్యాల్ని నమ్మే రకం కాదు. నాకు ఫోటో స్టూడియో ఉంది. పాస్‌పోర్టు ఫోటోకి కూర్చున్న ముఖాల్ని రోజూ చూసేవాడికి దెయ్యాలంటే ఏం భయం? కానీ ఈ సంగతి నేను విన్నది మా బావ నోటి నుంచి. మా బావకి కథలు చెప్పడం రాదు. ఆ మాటకొస్తే మాట్లాడటమే అంతంతమాత్రం. అందుకే నమ్మాను.

బావ పని తుఫాన్లో కొండల్ని ఫోటోలు తీయడం. ఎండకాసే రోజున తియ్యడు. ఎండలో కొండ బొమ్మలా ఉంటుందిట. మబ్బులు కమ్మి, గాలి లేచి, మనలాంటివాళ్ళం కిటికీలు మూసుకునే వేళకి ఆయన బూట్లు తొడుక్కుంటాడు. మబ్బు ఎక్కడో ఒకచోట చిరిగి శిఖరం మీద కాస్త వెలుతురు పడుతుంది చూడండి, దాని కోసం.

"కదలని కొండని తియ్యడానికి ఇంత హడావుడేంటి బావా? నేను పసిపిల్లల్ని తీస్తున్నాను ఇక్కడ" అని ఏడిపించేవాణ్ణి.

"కొండ కదలదురా. మిగతావన్నీ కదుల్తాయి" అనేవాడు.

ఆ మిగతావాటిని చూసుకునేది మా అక్క.

తుఫాన్లో వెలుతురు తక్కువ. షట్టరు కాసేపు తెరిచి ఉంచాలి. ఆ కాసేపూ కెమెరా స్టాండు వణికిందా, కొండ కాస్తా ముద్దయిపోతుంది. కన్ను కెమెరాకి అతికించుకున్నవాడికి గాలి ఎప్పుడు ఆగుతుందో ఏం తెలుస్తుంది? అందుకని అక్క వెనక నిలబడేది. ఒక కాలు స్టాండు మీద గట్టిగా ఆనించి, చెంప గాలివైపు పెట్టి. గాలి తగ్గడం ఆవిడకి చెంపకే తెలిసిపోయేది. తగ్గగానే బావ కుడి భుజం మీద చెయ్యి వేసేది. చెయ్యి పడిందా, బావ బటన్ నొక్కేవాడు. మాట లేదు, వెనక్కి చూడటం లేదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ వాళ్ళ కాపురం సగం అలాగే నడిచింది.

అక్కకి ఇంకో అలవాటు ఉండేది. ఏదీ పారెయ్యదు. సాక్సుల జతలో ఒకటి పోతే రెండోదాంట్లో ఇసక పోసి, మూతి కుట్టేసేది. అవి స్టాండుకీ, వానకి కట్టే టార్పాలిన్‌కీ బరువులు. నా స్టూడియోలో వెనక తెర ఎగరకుండా ఉండటానికి ఇప్పటికీ ఆవిడ కుట్టిన సాక్సులే కాపలా. "ఇదేంటక్కా, కస్టమర్లు చూస్తే నవ్వుతారు" అంటే — "జత పోయిందని మిగిలినదాన్ని పారేస్తామేంట్రా? దానికీ ఓ పని చూపించాలి" అనేది.

పోయిన వానల ముందు జ్వరమని ఆసుపత్రికి వెళ్ళింది. తిరిగి రాలేదు.

బావ ఏడవలేదు. ఆసుపత్రిలో ఏడవలేదు, ఇంటికొచ్చాకా ఏడవలేదు. పెట్టింది తినేవాడు. అడిగితే "ఊ" అనేవాడు. అడక్కపోతే అదీ లేదు. నేనే ఆ కొన్నాళ్ళు స్టూడియో మూసి వాళ్ళింట్లో కూర్చుని ఏడ్చాను, ఆయన నాకు మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

వానలు మొదలయ్యాక మళ్ళీ కొండెక్కాడు. హమ్మయ్య, మనిషి దారిలో పడ్డాడనుకున్నాను. తిరిగొచ్చి కెమెరా కార్డు నా బల్లమీద పెట్టాడు. కంప్యూటర్లో పెట్టి చూస్తే... ఏమీ లేదు. ఒక్క ఫోటో లేదు.

మళ్ళీ వెళ్ళాడు. మళ్ళీ ఏమీ లేదు.

"ఏమైంది బావా? మబ్బు విడలేదా?"

"విడింది. బాగా పడింది వెలుతురు."

"మరి?"

"వేలు కదల్లేదురా" అన్నాడు. ఎవరి వేలి గురించో చెప్తున్నట్టు అన్నాడు.

ఏడాదంతా అదే వరస. ఏదో ఒక శిఖరం ఎదురుగా నిలబడటం, చూడటం, దిగి రావడం. నా మేనకోడలు ఒకరోజు స్టూడియోకి వచ్చి కెమెరా ముందు స్టూలు మీద కూర్చుంది. "మామయ్యా, నాన్న ఇక ఫోటోలు తియ్యరు" అంది. లేవబోతూ, "ఏదో ఒకరోజు దిగి రావడం కూడా మానేస్తారేమో" అంది. తండ్రి బూట్లు బీరువా మీద దాచేశానని చెప్పింది.

అదిగో, ఆ వారంలోనే ఫ్లాష్ వచ్చాడు.

ఫ్లాష్ అంటే మా ఊళ్ళో పెళ్ళిళ్ళ ఫోటోగ్రాఫరు. అసలు పేరు వాళ్ళమ్మకి తప్ప ఎవరికీ గుర్తులేదు. పెళ్ళికొడుకుల్ని తీసి తీసి విసుగొచ్చి, కొండలు తీద్దామని రాతిగది దగ్గరికి వెళ్ళాడట. వచ్చినవాడు వచ్చినట్టే నా కౌంటరు పట్టుకుని నిలబడ్డాడు. స్టాండు అక్కడే వదిలేసి పరిగెత్తుకొచ్చాడట.

"చెయ్యి పడింది గురూ... ఒట్టు. చిన్న చెయ్యి. ఆడమనిషిదే. తడిగా... చల్లగా... వేళ్ళు తెలిశాయి నాకు."

"వేళ్ళు తెలిశాయా? ఉంగరం కూడా ఉందా?" అన్నాను నేను.

మూల కుర్చీలో బావ ఉన్నాడు. రోజూ అక్కడే కూర్చుంటాడు, నేను ఆయన్ని సామానులో లెక్కేసుకోవడం మొదలుపెట్టి చాలా రోజులైంది. ఆయన తలెత్తాడు.

"ఏ భుజం?" అన్నాడు.

ఫ్లాష్ ఉలిక్కిపడ్డాడు. "కుడి..."

"ఎప్పుడు? గాలి ఉన్నప్పుడా, ఆగినప్పుడా?"

"ఆగినప్పుడు... ఆగీ ఆగగానే."

బావ లేచి వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున్నే మేనకోడలు ఫోన్ చేసింది. బీరువా మీద బూట్లు లేవట.

ఇక్కణ్ణుంచి బావ చెప్పింది చెప్తాను. మాటలు ఆయనవి కొన్నే. మిగతావి నేను అడిగి అడిగి లాగినవి.

టీకొట్టు దగ్గరికి చేరేసరికే మబ్బులు దిగుతున్నాయి. టీకొట్టాయన గ్లాసు చేతికిచ్చి, "ఇవాళ వద్దు సార్" అన్నాడట, చెవిదగ్గరికొచ్చి. "ఆవిడ ఇవాళ ఉంటుంది."

"ఎన్నాళ్ళుగా ఉంది ఆవిడ?" అన్నాడు బావ.

ఆయన ఆలోచించాడు. "మా పెద్దాడు బడికి వెళ్ళడం మొదలెట్టినప్పటి నుంచి వింటున్నా, వాడికిప్పుడు మీసాలొచ్చాయి. అంతకుముందు ఈ గోల లేదు."

బావ డబ్బులిచ్చి పైకి నడిచాడు.

ఆ గదికి ఆయన వెళ్ళడం కొత్తేం కాదు. పెళ్ళయిన కొత్తల్లో ఒక్కసారి అక్కతో వెళ్ళాడు. చూరుకి కట్టిన టార్పాలిన్ గాలికి చిరిగి లోయలోకి పోయింది, ఒక్క ఫోటో రాలేదు, తిట్టుకుంటూ దిగొచ్చారు. కలిసిరాని చోటని మళ్ళీ ఆ వైపు పోలేదు.

చేరేసరికే గాలి కొడుతోంది. గది అలాగే ఉంది. తలుపుకి గడియ లేదు. లోపల కాలు విరిగిన మంచం, మసి పట్టిన గోడ, తుప్పు పట్టిన డ్రమ్ము. ఫ్లాష్ వదిలేసిన స్టాండు చూరు కింద పడి ఉంది. దాన్ని తీసి లోపల పెట్టాడు. చదును బండ మీద తన స్టాండు నిలబెట్టాడు. కెమెరా బిగించాడు. కన్ను ఆనించాడు.

అప్పుడు గాలి ఇంకా పెరిగింది.

పైన రేకు దబదబా కొట్టుకుంటోంది. చూరు మూలుగుతోంది. వాన అడ్డంగా కొడుతోంది. చీకటి పడబోతోంది. మబ్బు వెనక శిఖరం ఉందో లేదో తెలియడం లేదు. బావ నిలబడ్డాడు. వేలు బటన్ మీద ఉంది. వేలికి ఏమీ తెలియడం లేదు — చలికి అనుకోండి.

ఎంతసేపు నిలబడ్డాడో ఆయనకే తెలియదు.

మబ్బు చిరిగింది. శిఖరం అంచున నీలంగా... ఒక గీత. గీత కాస్తా వెడల్పయింది. శిఖరం సగం బయటపడింది. వేలు కదల్లేదు. ఏడాదిగా చూస్తున్నట్టే చూస్తున్నాడు.

గాలి ఆగింది.

రేకు చప్పుడు ఆగింది. వాన చినుకు చూరు నుంచి బండ మీద పడటం వినిపిస్తోంది...

కుడి భుజం మీద చెయ్యి పడింది.

చిన్న చెయ్యి. తడిగా, చల్లగా. బరువుగా.

బావ నొక్కాడు.

"భయం వెయ్యలేదా?" అన్నాను. స్టూడియోలో పట్టపగలు ట్యూబులైటు కింద కూర్చున్నా నా చేతుల మీద వెంట్రుకలు లేచి ఉన్నాయి.

"లేదు."

"మరి ఏమనిపించింది?"

"నొక్కాలనిపించింది" అన్నాడు.

మళ్ళీ గాలి లేచింది. చెయ్యి పోయింది. మళ్ళీ ఆగింది. మళ్ళీ చెయ్యి. మళ్ళీ నొక్కాడు. వెలుతురు మారుతోంది, నీలం పోయి బూడిద రంగు వస్తోంది, మబ్బు శిఖరాన్ని మూస్తోంది, వదుల్తోంది. గాలి ఆగిన ప్రతిసారీ భుజం మీద ఆ చెయ్యి.

ఆయన వెనక్కి తిరగలేదు. ఎప్పుడు తిరిగాడు గనక.

కాసేపటికి మాట్లాడటం మొదలుపెట్టాడట. మా బావ. మాట్లాడాడట.

"అమ్మాయి నా బూట్లు దాచేసింది, తెలుసా" అన్నాడట, కన్ను కెమెరా మీంచి తియ్యకుండా. "బీరువా మీద. నీలాగే. దాచడం కూడా సరిగ్గా రాదు."

గాలి ఆగింది. చెయ్యి పడింది.

"ఊ" అని, నొక్కాడు.

పూర్తిగా చీకటి పడేదాకా అలా తీశాడు. ఇక కెమెరాకి ఏమీ కనబడదనుకున్నాక, అలవాటు ప్రకారం "చాలు, పద" అన్నాడు. స్టాండు మడిచి, తల దించుకుని, బండ వైపే చూస్తూ పక్కగా నడిచి గదిలోకి వెళ్ళాడు. తలుపుకి డ్రమ్ము అడ్డం పెట్టి, విరిగిన మంచం పక్కన నేల మీద పడుకున్నాడు.

రాత్రి గాలి ఆగినప్పుడల్లా బయట ఏదో తలుపుని తట్టింది. గట్టిగా కాదు. లోపలివాళ్ళు నిద్రపోతున్నారేమో అన్నట్టు — మెల్లిగా... ఒక్కసారి. బావ కళ్ళు తెరుచుకుని వింటూ పడుకున్నాడు. లేచి తలుపు తియ్యలేదు.

"నువ్వేం మనిషివి బావా?" అన్నాను. "అంతసేపు వెనక ఏదో ఉందంటే, ఒక్కసారి తిరిగి చూడవా?"

బావ బల్ల మీద కార్డుని అటూ ఇటూ తిప్పుతున్నాడు.

"తెలుసురా నాకు" అన్నాడు. "రెండోసారికే తెలిసింది. పడుతున్నప్పుడు ఇసక కదిలిన చప్పుడు వినిపించింది. చూరుకి ఏదో తాడు వేలాడుతోంది, చివర బరువుంది. గాలికి రేకు మీదకి ఎగిరిపోతుంది, గాలి ఆగితే కిందికి వస్తుంది. నిలబడ్డానికి ఉన్నది ఆ ఒక్క బండే. ఎవడు నిలబడ్డా భుజానికే తగుల్తుంది. అంతే. దెయ్యం లేదు, ఏం లేదు."

నాకు ఒళ్ళు మండింది. ఇంతసేపూ నన్ను గుడ్లప్పగించి కూర్చోబెట్టి, చివరికి తాడా.

"తెలిసి కూడా తిరగలేదా? ఎందుకు?"

"తిరిగితే తాడే కదరా ఉండేది" అన్నాడు.

బయట ఎవరో వచ్చి, పాస్‌పోర్టు ఫోటో కావాలంటే, తర్వాత రమ్మని చేత్తోనే చెప్పాను.

బావ మిగతాది చెప్పాడు. కార్డు వైపే చూస్తూ చెప్పాడు.

పొద్దున తుఫాను వెలిసింది. ఆకాశం కడిగేసినట్టుంది. ఇక దాచుకోవడానికేం లేదు, తాడుని చూసేసి, దిగి వెళ్ళిపోదామనుకున్నాడు. ఇంటికెళ్ళి కెమెరా ఎవరికైనా ఇచ్చెయ్యాలని కూడా అనుకున్నాడట. ఎంత కాలమని తాళ్ళ దగ్గరికి తిరుగుతాడు? డ్రమ్ము పక్కకి జరిపాడు. తలుపు తీశాడు. తలెత్తాడు.

చూరు దూలానికి నైలాను తాడు. మధ్యలో ఒక నీలం పీలిక — టార్పాలిన్ ముక్క. తాడు చివర...

చెయ్యి.

తోలు గ్లోవు. ఎండకీ వానకీ నల్లబడింది. అయిదు వేళ్ళ నిండా ఇసక పోసి, మణికట్టు దగ్గర లావు దారంతో అడ్డదిడ్డంగా కుట్టి ఉంది. చిన్న గ్లోవు. చూపుడువేలు కొసన ఎప్పుడో కాలిన చోట, ఎర్ర దారంతో వేసిన మాటు.

ఆ మాటు అక్క మా ఇంట్లో నా ఎదురుగా కూర్చుని వేసింది. స్టవ్వు మీద పెట్టి కాల్చుకుంది. నల్ల దారం దొరక్కపోతే ఎర్రదే కానిచ్చింది.

"ఆరోజు గాలికి ఎడమ గ్లోవు లోయలో పడింది" అన్నాడు బావ. "పడిందని చెప్పింది కూడా. నేను మబ్బుని చూస్తున్నాను. ఊ అన్నాను. రెండోదాన్ని ఇలా చేసి టార్పాలిన్ మూలకి కట్టిందని నాకు తెలీదురా. వెనక కూర్చుని కుడుతుంటే... ఒక్కసారి తిరిగి చూసి ఉంటే తెలిసేది."

కార్డు బల్ల మీద పెట్టేశాడు.

"ఇన్నేళ్ళూ మీ అక్క నా వెనక నిలబడింది. నేను ఒక్కసారి తిరిగి చూడలేదు" అన్నాడు.

గడప మీద కూర్చుని ఆ గ్లోవుని రెండు చేతుల్లో పట్టుకున్నాడట. నానిపోయి, చల్లగా ఉందట. చేతుల్లో కాసేపు ఉంటే వెచ్చబడిందట. అప్పుడు ఏడుపొచ్చింది. ఏడాది పాటు రానిది, ఎండ బండ మీదకి వచ్చేదాకా ఆగలేదు.

"తెచ్చావా?" అన్నాను.

తల అడ్డంగా ఊపాడు. "ఒక వేలు దగ్గర కుట్టు ఊడి ఇసక కారుతోంది. సంచిలో సూదీ దారం ఉంది, మీ అక్క పెట్టిందే. కుట్టాను. తాడు చివికిపోయింది, కొత్తది వేసి మళ్ళీ అక్కడే కట్టాను."

"ఎందుకు బావా? మళ్ళీ ఎవణ్ణో హడలగొడుతుంది."

"కొట్టనీ. దాని పని అది చేసుకుంటోంది" అన్నాడు. తర్వాత, "మీ అక్క అనేది కదరా..." అని మొదలుపెట్టి, నా తెర కింద ఉన్న సాక్సు వైపు చూశాడు.

నేను కార్డు కంప్యూటర్లో పెట్టాను. శిఖరం వచ్చింది. ఒకదాని తర్వాత ఒకటి, నీలంలో, బూడిదలో, సగం మబ్బులో. ఒక్కదాంట్లోనూ వణుకు లేదు.

మేనకోడలు ఇప్పుడు బూట్లు దాచడం లేదు. మబ్బు పడితే తనే తుడిచి గుమ్మం దగ్గర పెడుతోంది.

రాతిగదికి ఆ చెడ్డపేరు అలాగే ఉంది. టీకొట్టాయన కథ ఇంకా పెంచాడు, ఈమధ్య ఆవిడ రాత్రిళ్ళు తలుపు కూడా తడుతోందంటాడు. నా స్టూడియోకి వచ్చే కెమెరా కుర్రాళ్ళు అప్పుడప్పుడు అడుగుతుంటారు — అంకుల్, అక్కడ నిజంగా చెయ్యి పడుతుందా అని.

పడుతుందనే చెప్తాను. అబద్ధం కాదుగా.

పరిగెత్తకండి, వెనక్కి తిరక్కండి అని కూడా చెప్తాను. గాలి ఆగిందని ఆవిడ చెప్తోందంతే. నొక్కండి.